సెకండ్ హ్యాండు బస్సులతో నిలబడిన ఊరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 మనకు చదువు చెప్పి, ఇవాళ మన మధ్య లేని మాస్టార్లనీ టీచర్లనీ ముందుగా తలుచుకుంటున్నాను. 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "చిన్ననాటి కబుర్లు అందరూ చెబుతారు. నువ్వు నీ ఉద్యోగం తాలూకు విషయం ఏదైనా చెప్పు. పిల్లలకి కూడా అర్థం కావాలి" అన్నారు. నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్ని. కరెంటుతో నడిచే బళ్లు నా పని. అందుకని ఒక ఊరి బస్సుల కథ ఎంచుకున్నాను. ఆ ఊరు దక్షిణ అమెరికాలో, చిలీ దేశంలో ఉంది. పేరు వాల్పరైసో. వేరే ఊళ్లు వాడి పక్కన పెట్టిన కరెంటు బస్సుల్ని తెచ్చుకుని, డెబ్బై ఏళ్లుగా ఆ సర్వీసు నిలబెట్టుకున్న ఊరు అది.

ఈ కథే ఎందుకంటే, మన సంఘం ఈ ఏడాది బడికి కంప్యూటర్లు, ల్యాబు సామాను ఇవ్వాలని తీర్మానం చేసింది. వాటిలో ఎక్కువ భాగం మన ఆఫీసుల్లో వాడి తీసేసినవే. వాడిన వస్తువు ఇవ్వడమూ, పుచ్చుకోవడమూ రెండూ చిన్నతనం కావు. అయితే దానికో పద్ధతి ఉంది. ఆ పద్ధతి ఈ బస్సుల కథలో బాగా కనబడుతుంది.

ముందుగా పిల్లల కోసం, ట్రాలీబస్సు అంటే ఏమిటో చెబుతాను. మన స్టేషనులో రైలు పట్టాల పైన కరెంటు తీగ చూసుంటారు. ఆ తీగలోంచి కరెంటు ఇంజనులోకి దిగి, పని చేసి, చక్రాల మీదుగా పట్టాల్లోకి వెళ్లిపోతుంది. వెనక్కి పోయే దారి పట్టాలే. మరి బస్సుకి ఉండేవి రబ్బరు టైర్లు. కింద పట్టాలు లేవు. కరెంటు వచ్చే దారి, పోయే దారి రెండూ పైనే ఉండాలి. అందుకే ట్రాలీబస్సు నడిచే రోడ్డు మీద రెండు తీగలు కడతారు. బస్సు టాపు మీద రెండు పొడుగాటి గడలుంటాయి. వాటి కొసన అమర్చిన కార్బన్ ముక్కలు తీగను రాసుకుంటూ జారిపోతాయి. తీగలో ఉండేది సాధారణంగా 600 వోల్టుల డి.సి. కరెంటు. పొగ రాదు, రొద ఉండదు. పట్టాలు లేవు కాబట్టి కాస్త కుడికీ ఎడమకీ జరిగి, రోడ్డు మీద ఆగిన బండిని తప్పించుకుని పోగలదు. ఒక్కోసారి మలుపులో గడ తీగనుంచి జారిపోతుంది. అప్పుడు మనిషి కిందికి దిగి, బస్సు వెనకాల వేలాడే తాళ్లు పట్టుకుని, తల పైకెత్తి గడను మళ్లీ తీగకు తగిలించాలి. నూతిలో పడిన చేదను గాలంతో పైకి తీసేంత నేర్పు కావాలి దానికి.

ఇవి మన దేశంలోనూ నడిచాయి. ఢిల్లీలో 1935లో మొదలయ్యాయి. ముంబైలో 1962 నుంచి 1971 వరకు గోవాలియా ట్యాంకుకీ మజ్‌గావ్‌కీ మధ్య ఒకే ఒక్క రూటులో నడిచి ఆగిపోయాయి. మన తెలుగు ఊళ్లకు రాలేదు.

ఇక వాల్పరైసో సంగతి. అది పసిఫిక్ మహాసముద్రం ఒడ్డున ఓడరేవు. విశాఖపట్నం చూసినవాళ్లు సులువుగా ఊహించుకోవచ్చు. ఎదురుగా సముద్రం, వెనకాలే కొండలు, రెంటికీ మధ్య సన్నటి చదును నేల. కొండల మీద ఇళ్లు, కింద రేవు, బ్యాంకులు, అంగళ్లు. కొండ ఎక్కడానికి పట్టాల మీద తాడుతో లాగే పెట్టెలు 1883 నుంచీ ఉన్నాయి. పనామా కాలువ 1914లో తెరవకముందు, అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌లోకి వచ్చే ఓడలు దక్షిణ అమెరికా కొసను చుట్టివచ్చి ఇక్కడ ఆగేవి. కాలువ వచ్చాక ఓడలు తగ్గాయి. ఓడలతో పాటు డబ్బూ తగ్గింది. డబ్బు తగ్గిన ఇంట్లో పాత సామాను పారేయరు. ఇది మనలో చాలామందికి తెలిసిన సంగతే.

కింద చదును వీధుల్లో ట్రాములు నడిచేవి. వాటి స్థానంలో 1952 డిసెంబరు 31న ట్రాలీబస్సులు మొదలయ్యాయి. అమెరికాలోని పుల్మన్ స్టాండర్డ్ కంపెనీ నుంచి ముప్పై కొత్త బస్సులు తెప్పించారు. రైళ్లలో పడక పెట్టెలకు పేరుపడ్డ పుల్మన్ వాళ్లే వీళ్లు. అప్పటికి అమెరికాలో కార్లు పెరిగాయి, ఊళ్లన్నీ ఒక్కొక్కటిగా ట్రాలీబస్సుల్ని వదులుకుంటున్నాయి. పుల్మన్ కూడా ఆ తయారీ మానేసింది. అంటే, వాల్పరైసో కొత్త కోడళ్లను తెచ్చుకున్న కొద్దికాలానికే వాళ్ల పుట్టిళ్లు మూతపడ్డాయన్నమాట. ఏళ్లు గడిచేకొద్దీ, ఏదైనా భాగం అరిగితే ఊళ్లోనే చేసుకోవాలి, లేదంటే అలాంటి బస్సే ఇంకోటి ఎక్కడుందో వెతుక్కోవాలి.

అలాంటివి దగ్గర్లోనే ఉన్నాయి. రాజధాని శాంటియాగో వాల్పరైసో కంటే ముందే, 1947లో ట్రాలీబస్సులు మొదలుపెట్టింది. అక్కడా పుల్మన్ బస్సులే, 1946, 1948 మధ్య తయారైనవి. శాంటియాగోలో ఆ సర్వీసు క్రమంగా సన్నగిల్లి 1978లో ఆగిపోయింది. అక్కడ అక్కరలేని పుల్మన్ బస్సులు వాల్పరైసోకి వచ్చాయి. పెద్దాడి చొక్కా చిన్నాడికి వచ్చినట్టు అనుకోండి. ఊడిన బొత్తాలు కుట్టుకున్నాడు, చిరిగినచోట మాసిక వేసుకున్నాడు, తొడుక్కున్నాడు. ఆ చొక్కా తర్వాత ఎంత గౌరవం పొందిందో కాసేపట్లో చెబుతాను.

1981లో పెద్ద దెబ్బ తగిలింది. అప్పుడు చిలీలో సైనిక ప్రభుత్వం. ప్రభుత్వ సంస్థల్ని వరసగా వదిలించుకుంటోంది. బస్సులు నడిపే ప్రభుత్వ సంస్థ మూతపడింది. ట్రాలీబస్సులు కొన్ని నెలలు షెడ్డులోనే ఉండిపోయాయి. 1982లో స్థానికులు కొందరు చిన్న ప్రైవేటు కంపెనీ పెట్టి, ఆ పాత బస్సులతోనే మళ్లీ సర్వీసు ప్రారంభించారు. కొత్త ట్రాలీబస్సు ధర అలాంటి కంపెనీకి అందేది కాదు. ఆ రోజునుంచీ వాళ్ల చూపంతా ఎక్కడ ఎవరు ఏ బస్సు తీసేస్తున్నారా అనే దాని మీదే.

1990ల మొదట్లో స్విట్జర్లాండ్ నుంచి అవకాశం వచ్చింది. జ్యూరిక్, జెనీవా నగరాలు పాత ట్రాలీబస్సులు తీసేసి కొత్తవి తెచ్చుకుంటున్నాయి. తీసేసినవాటిలో ముప్పై ఏళ్లు దాటినవీ ఉన్నాయి. కానీ వాటిని వాడినవాళ్లు స్విట్జర్లాండ్ వాళ్లు. వేళకి నూనె, వేళకి పరీక్ష, వేళకి రంగు. అవి ఓడెక్కి వాల్పరైసో చేరాయి. మధ్యలో హార్మోనియం తిత్తిలా ముడుచుకునే పొడవాటి బస్సులు ఆ ఊరి వీధుల్లో తిరిగాయి. ఇదే సమయంలో శాంటియాగో కూడా మరోసారి ముచ్చటపడి 1991లో ట్రాలీబస్సులు తిరిగి మొదలుపెట్టి, మూడేళ్లు తిరిగేసరికి మళ్లీ ఆపేసింది. ఈసారి చైనాలో తయారైన బస్సులు మిగిలాయి. వాటినీ వాల్పరైసోయే తీసుకుంది. అన్నగారు రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు మానేశాడు. తమ్ముడు మొదలుపెట్టినదాన్ని వదల్లేదు.

2010ల మధ్యలో స్విట్జర్లాండ్‌లోని లుసర్న్ నగరం నుంచి ఇంకో విడత వచ్చింది. అవి 1980ల చివర తయారైనవి. యూరప్ నగరాలు ముసలివాళ్లకూ, చక్రాల కుర్చీ వాళ్లకూ సులువుగా ఉండాలని నేల తక్కువ ఎత్తులో ఉండే బస్సులకు మారుతున్నాయి. మెట్లున్న బస్సు ఎంత బాగున్నా అక్కడ దానికి కాలం చెల్లింది. వాల్పరైసోలో దానికి మళ్లీ పని దొరికింది. దానికంటే సుమారు నలభై ఏళ్లు పెద్దవైన పుల్మన్లూ అదీ ఒకే తీగ కింద ఒకదాని వెనక ఒకటి నడిచాయి.

ఇక్కడ పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. డీజిలు బస్సు పది పదిహేనేళ్లకే ముసలిదైపోతుంది కదా, ఈ బస్సు అరవై, డెబ్బై ఏళ్లు ఎలా నడిచింది?

జవాబు మన సైన్సు పుస్తకంలోనే ఉంది. డీజిలు ఇంజనులో నిమిషానికి వందలసార్లు చిన్న చిన్న పేలుళ్లు జరుగుతాయి. ఆ వేడికీ, ఆ అదురుకీ భాగాలు అరుగుతాయి. పాత ట్రాలీబస్సులో ఉండేది డి.సి. సిరీస్ మోటారు. అందులో తిరిగే భాగం ఒక్కటే. లోడు పెరిగితే వేగం తగ్గించుకుని, తిప్పే బలం పెంచుకోవడం దాని స్వభావం. నిండు జనంతో ఆగిన బస్సు కదలాలంటే కావలసింది సరిగ్గా అదే. అందులో అరిగేవి ముఖ్యంగా కార్బన్ బ్రష్షులు, బేరింగులు, కమ్యుటేటరు పైభాగం. అన్నీ మార్చడానికో, సానపట్టడానికో వీలైనవే. వైండింగు కాలిపోతే, మన టౌనులో పొలం మోటార్లు చుట్టేవాళ్లున్నారే, వాళ్లు చేసే పనే అక్కడ కాస్త పెద్ద ఎత్తున చెయ్యాలి. వేగాన్ని అదుపు చెయ్యడానికి రెసిస్టెన్సులు, స్విచ్చులు ఉంటాయి. డ్రైవరు పెడలు తొక్కుతుంటే ఒక్కొక్క రెసిస్టెన్సూ దారిలోంచి తప్పుకుంటుంది. బస్సు వేగం అందుకుంటుంది. కొంత కరెంటు వేడిగా వృథా అవుతుంది, నిజమే. కానీ ప్రతి భాగం కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. ఏది చెడిందో మీటరు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

అంతమాత్రాన ఏ ఊరి బస్సయినా ఏ ఊరికైనా పనికొస్తుందా అంటే, రాదు. కొన్ని కుదరాలి. మొదటిది వోల్టేజి. ప్రపంచంలో చాలా ఊళ్లు 600 వోల్టులకు కట్టుబడ్డాయి. అదే ఈ బేరాలకు పునాది. రెండోది రోడ్డు. మనం, ఇంగ్లండు వాళ్లం ఎడమవైపు నడుపుతాం. చిలీ, స్విట్జర్లాండ్ కుడివైపు. 1961లో లండన్ నగరం 125 డబుల్ డెక్కరు ట్రాలీబస్సుల్ని స్పెయిన్‌కి అమ్మింది. స్పెయిన్‌లో బండి కుడివైపు నడుస్తుంది. లండన్ బస్సు తలుపు తిన్నగా నడిరోడ్డు మీదికి తెరుచుకుంటుంది. దాంతో తలుపులు రెండోవైపుకి మార్చుకున్నారు. బస్సు చవకే, కానీ తలుపు ఖర్చు కొన్నవాడి మీదే పడింది. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, తీగలూ సబ్‌స్టేషన్లూ. బస్సులు ఇంకో ఊరినుంచి తెచ్చుకోవచ్చు. కట్టిన తీగల్ని, నాటిన స్తంభాల్ని అలా తెచ్చుకోలేం. అవి మన ఊళ్లో, మన మనుషులు, మన డబ్బుతో ఎప్పటికప్పుడు చూసుకోవలసినవే. బస్సు ఎంత చవగ్గా వచ్చినా ఆ ఖర్చు తగ్గదు.

ఇప్పుడు చొక్కా సంగతి. 2003లో రెండు విషయాలు జరిగాయి. వాల్పరైసో పాత పట్టణాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అదే సంవత్సరం చిలీ ప్రభుత్వం 15 పుల్మన్ ట్రాలీబస్సుల్ని జాతీయ స్మారకాలుగా ప్రకటించింది. మనకు గోల్కొండ కోట, వేయిస్తంభాల గుడి ఎలాగో వాళ్లకు ఆ బస్సులు అలాగ. వాటిలో శాంటియాగో వదిలేసిన పాత పుల్మన్లూ ఉన్నాయి. రాజధాని వద్దనుకున్న బస్సు దేశానికి స్మారకమైంది. మ్యూజియంలో తాడు కట్టి నిలబెట్టలేదు. టిక్కెట్టు కొని ఎక్కండి, మీ స్టాపులో దిగండి. ప్రపంచంలో రోజువారీ సర్వీసులో తిరిగిన అత్యంత పాత ట్రాలీబస్సుల్లో అవి చేరాయి.

స్మారకమైతే కష్టాలు తీరతాయా? తీరలేదు. 2007లో ఆ ప్రాంతపు బస్సు రూట్లన్నీ కొత్త పద్ధతిలోకి మార్చారు. ట్రాలీబస్సులకు నష్టాలు పెరిగి, మూసేస్తామనే దాకా వెళ్లింది. ఊరు ఒప్పుకోలేదు. చివరికి యాజమాన్యం చేతులు మారింది, సర్వీసు నిలిచింది. ఒకప్పటితో పోలిస్తే రూట్లు తగ్గాయి. ఇప్పుడు ముఖ్యంగా నడిచేది 802 నంబరు రూటు. చిన్నదైనా, నిలబడింది.

ఇప్పుడు ఇంకో ఊరి కథ చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. వాల్పరైసోకి తూర్పున ఆండీస్ పర్వతాలు. వాటికి అవతల అర్జెంటీనాలో మెండోసా అనే నగరం ఉంది, ద్రాక్షతోటలకు పేరుపడ్డది. అక్కడ 1958లో జర్మనీ బస్సులతో ట్రాలీబస్సులు మొదలయ్యాయి. 1960లలో జపాన్ బస్సులు వచ్చాయి. 1984లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చాయి. 1980ల చివర జర్మనీలోని సోలింగెన్ అనే ఊరు తీసేసిన బస్సులు డెబ్బైకి పైగా వచ్చాయి. అవీ ముసలివయ్యాక, 2008లో కెనడాలోని వాంకూవర్ నగరంతో ఒప్పందం కుదిరి, అక్కడ పాతికేళ్లు తిరిగిన 80 ట్రాలీబస్సులు ఓడల్లో వచ్చాయి. వాల్పరైసో కంటే ఎన్నో రెట్లు పెద్ద ఏర్పాటు. అయినా 2021కల్లా మెండోసాలో ట్రాలీబస్సులు పూర్తిగా ఆగిపోయాయి. వాటి బదులు బ్యాటరీ బస్సులూ మామూలు బస్సులూ వచ్చాయి.

మెండోసాని తక్కువ చెయ్యడానికి ఈ మాట చెప్పడం లేదు. అరవై ఏళ్లకు పైగా ఆ ఊరు తన జనాన్ని పొగలేని బస్సుల్లో మోసింది. అందులో దాదాపు సగం కాలం ఇతర ఊళ్ల బస్సులతోనే నెట్టుకొచ్చింది. అది చిన్న పనేమీ కాదు. నా వృత్తిలో ఉన్నవాడికి ఆ రెండు ఊళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే తోస్తుంది. వాడిన బస్సు కొన్నప్పుడు మనం నిజానికి కొనేది గడువు. పదేళ్లో పదిహేనేళ్లో. ఆ గడువులో తీగలు బాగుచేసుకుంటామా, మనుషుల్ని తయారుచేసుకుంటామా, తర్వాత విడతకు డబ్బు కూడబెట్టుకుంటామా అన్నదే అసలు ప్రశ్న. ఏమీ చెయ్యకపోతే, గడువు తీరిన రోజున మళ్లీ మొదటి మెట్టు మీదే ఉంటాం, పైగా ఇంకా పాతబడిన తీగల కింద. నాలుగు దేశాల బళ్లంటే నాలుగు రకాల విడిభాగాలు, నాలుగు రకాల బొమ్మలు, నాలుగు రకాల పనితనం. ఒక బండి గుట్టు చేతికి చిక్కేసరికి అది వెళ్లిపోయి ఇంకోటి వస్తుంది. వాల్పరైసోలోనూ రకరకాల బళ్లు వచ్చాయి, పోయాయి. కానీ పుల్మన్ మాత్రం మొదటి రోజునుంచీ ఉంది. దాన్ని నడిపించే విద్య షెడ్డులో ఒక తరం నుంచి ఇంకో తరానికి చేతులు మారింది. తర్వాత ఏ బండి వచ్చినా ఆ విద్య ముందు నిలబడి అర్థమైంది.

ఇదంతా ఎక్కడో జరిగిన సంగతి అనుకోకండి. మనం బడికి వచ్చిన పల్లెవెలుగు బస్సు గుర్తుందా? మన ఆర్టీసీలో దూరం సర్వీసుగా పుట్టిన బస్సు కొన్ని లక్షల కిలోమీటర్లు తిరిగాక ఎక్స్‌ప్రెస్సవుతుంది, ఆ తర్వాత సీట్లు మార్చుకుని, రంగు మార్చుకుని పల్లెవెలుగవుతుంది. 2020లో తెలంగాణ ఆర్టీసీ పాత బస్సుల్ని సరుకు బళ్లుగా కూడా మార్చింది. మనలో చాలామంది పదో తరగతి దాకా వచ్చింది రెండో జన్మలో ఉన్న బస్సుల్లోనే. డిపోలో ఆ బస్సు గుట్టు తెలిసిన మెకానిక్కు ఉన్నాడు కాబట్టే ఆ రెండో జన్మ.

ఇప్పుడు మనకూ కరెంటు బస్సులు వచ్చాయి. హైదరాబాదులో 2019లో విమానాశ్రయం రూట్లలో, 2022లో తిరుమల ఘాటు రోడ్డులో. నాకు చాలా సంతోషం. తీగలతో పని లేకుండా బ్యాటరీతో నడుస్తున్నాయి. వీటిలో చాలావాటికి ఒప్పందం ఎలా ఉంటుందంటే, బస్సు కంపెనీదే, మరమ్మతూ కంపెనీదే, ఆర్టీసీ కిలోమీటరుకి ఇంత అని చెల్లిస్తుంది. కొత్త సాంకేతికత వచ్చిన మొదటి రోజుల్లో ఇందులో లాభం ఉంది. బ్యాటరీ చెడితే ఆ నష్టం కంపెనీ భరిస్తుంది. కానీ పది పన్నెండేళ్ల ఒప్పందం తీరాక ఆ బస్సు ఎవరి చేతిలోకి వస్తుంది? దాన్ని విప్పడం మన డిపోలో ఎవరికి తెలుస్తుంది? పుల్మన్‌లో ప్రతి స్విచ్చూ కంటికి కనబడింది. ఇవాళ్టి బస్సులో మోటారును నడిపేది సాఫ్ట్‌వేరు. కంపెనీ కోడు ఇవ్వకపోతే మీటరు పెట్టినా ఏమీ తెలియదు. బస్సులతో పాటు బొమ్మలు, కోడు, మన మెకానిక్కులకు శిక్షణ కూడా అడగాలని నా వృత్తిలోని వాళ్లం ఎక్కడ అవకాశం వచ్చినా చెబుతున్నాం. ఈ సభలో ఆర్టీసీలో, కరెంటు శాఖలో పనిచేసే పూర్వ విద్యార్థులు చాలామందే కనబడుతున్నారు. మీరూ ఆ మాట అడగండి.

ఇక మన బడి విషయం. మన రోజుల్లో జూన్ నెల వచ్చిందంటే సగం ధరకి పాత పుస్తకాల బేరం. పై తరగతి అన్నయ్య పుస్తకం కోసం పోటీ. అందరికంటే ముందు అమ్ముడయ్యేది ఎవరి పుస్తకం? అట్టలు బాగున్నవాడిది కాదు. ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీసి, పక్కన లెక్కలు చేసిన వాడిది. పుస్తకంతో పాటు అన్నయ్య చదువు కూడా కొంత వచ్చేది. ఆ సగం ధరలో అసలు లాభం అదే. జ్యూరిక్ బస్సులు వాల్పరైసోలో పనికొచ్చినా, సోలింగెన్ బస్సులు మెండోసాలో ఇరవై ఏళ్లు తిరిగినా, వాటి వెనక వాటిని చక్కగా చూసుకున్న మొదటి యజమాని ఉన్నాడు.

కాబట్టి సంఘానికి నావి నాలుగు మనవులు.

ఒకటి, పది రకాల కంప్యూటర్లు పోగుచెయ్యొద్దు. ఒకే ఆఫీసునుంచి ఒకే రకం వచ్చేలా చూద్దాం. ఒకదాని భాగం ఇంకోదానికి పనికొస్తుంది, ఒకటి నేర్చుకుంటే అన్నీ తెలుస్తాయి.

రెండు, ఇరవై నడవాలంటే పాతిక ఇద్దాం. ఆ అయిదూ విడిభాగాల కోసం. ఏ పాత బస్సుల షెడ్డుకి వెళ్లినా ఒక మూల నాలుగైదు బళ్లు చక్రాలు లేకుండా కనబడతాయి. చూసేవాళ్లకి తుక్కు. షెడ్డు వాళ్లకి అదే స్టోరు.

మూడు, ప్రతి వస్తువుకీ ఒక నోటుబుక్కు పెడదాం. ఎప్పుడు కొన్నది, ఎప్పుడు ఏది మార్చింది, ఏ పని చేస్తే తెగ ఇబ్బంది పెడుతుంది, అన్నీ తెలుగులో రాసి ఇద్దాం. సీనియర్ పుస్తకంలో గీతల్లాగ.

నాలుగోది అన్నిటికంటే కష్టం. వస్తువుతో పాటు మనుషుల్ని ఇవ్వాలి. ప్రతి బ్యాచి నుంచీ ఏడాదికి రెండు శనివారాలు, ఇద్దరు ఇక్కడికి వచ్చి, పిల్లలతో కూర్చుని ఒక కంప్యూటరు, ఒక మోటారు, ఒక ఫ్యాను విప్పి మళ్లీ బిగించాలి. మా బ్యాచి తరఫున వచ్చే నెల రెండో శనివారం నా పేరు రాసుకోమని కార్యదర్శిగారికి ఇప్పటికే చెప్పాను. స్క్రూడ్రైవర్లు నేనే తెస్తాను.

హెడ్మాస్టరుగారికి ఒక విన్నపం. ఆ విడిభాగాల కంప్యూటర్లను తాళం వేసిన గదిలో పెట్టకండి. పిల్లల చేతికి ఇవ్వండి. పాడుచేస్తారేమోనని భయం వద్దు, అవి అందుకే ఇస్తున్నాం. విప్పి చూసిన పిల్లవాడికి వస్తువు పాతదైనా భయం ఉండదు, కొత్తదైనా భయం ఉండదు.

పిల్లలూ, మీకు ఒక్క మాట. మీకు వచ్చేది వాడిన వస్తువని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే, ఒక దేశపు జాతీయ స్మారకాల్లో సెకండ్ హ్యాండు బస్సులు ఉన్నాయని చెప్పండి. ఏ ఊళ్లో అని అడిగితే పేరు కూడా చెప్పండి.